మేడ మీద చోటుంది, మెట్ల కింద మోటారుంది: టైర్లు ఎక్కడ పెట్టాలి?

గుణుపురం గట్టు
కారుకు అల్లాయ్ వీల్స్ వేయించాను. పాత ఇనుప రిమ్ములతో నాలుగు టైర్లు, రిమ్ము లేనిది ఇంకొకటి ఇంట్లో మిగిలాయి. అద్దె ఇల్లు. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన కొంచెం చోటుంది. మెట్ల కింద కూడా ఉంది కానీ అక్కడ నీళ్ళ మోటారు ఉంది. రెండేళ్ళ తర్వాత ఇవే మళ్ళీ వేసుకోవాలని ఉద్దేశం. పడుకోబెట్టాలా, నిలబెట్టాలా? రిమ్ములున్న వాటిలో గాలి ఎంత ఉంచాలి?

బల్లార్షా ఎండ
మేడ మాట మరచిపోండి. మూడు వేసవులు నేనూ అదే పని చేశాను. మా చంద్రపూర్ జిల్లా ఎండ సంగతి తెలుసు కదా, మే నెలలో 46 డిగ్రీలు దాటుతుంది. పైన టార్పాలిన్ కప్పి నిశ్చింతగా ఉన్నాను. కింద గచ్చు పెనంలా కాలుతుందన్న సంగతి తట్టలేదు. తీసి చూస్తే నాలుగింటికీ పక్కల సన్నని నెర్రెలు. బొటనవేలితో నొక్కితే ఒక్కొక్కటి నోరు తెరిచింది. పైగా మెరుపు రావాలని నెలనెలా కొబ్బరినూనె రాశాను. ఆ నూనెకు పట్టిన దుమ్ము ఇప్పటికీ వదల్లేదు.

పర్లాకిమిడి పాతకారు
నూనె, కిరోసిన్, పాలిష్ ఏదీ తగలకూడదు. రబ్బరులోనే ఒక రకం మైనం కలిపి ఉంటారు. టైరు తిరుగుతూ వంగుతుంటే అది పైకి ఊరి పొరలా కాపాడుతుంది. మూలన పడి ఉన్న టైరుకు ఆ పొర సరిగా ఊరదు, ఉన్న కాస్తా మీరు పాలిష్‌తో తుడిచేస్తారు.

రిమ్ము లేనిదాన్ని నిలబెట్టండి, నెలకొకసారి కొద్దిగా తిప్పండి. మేకుకు మాత్రం వేలాడదీయకండి, అంచు సాగిపోతుంది. రిమ్ములున్నవి ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చు. మెట్ల కింద మాత్రం వద్దే వద్దు. మోటారు నుంచి ఓజోన్ వస్తుంది, రబ్బరును తినేస్తుంది. టైర్ల కంపెనీలే ఈ మాట చెబుతాయి.

రాయగడ వైండింగ్
ఇరవై రెండేళ్ళుగా మోటార్లు విప్పి చుడుతున్నాను. ఇంట్లో నీళ్ళ మోటారుకు బ్రష్షులే ఉండవు. ఓజోన్ రావాలంటే నిప్పురవ్వలు రావాలి. బ్రష్షులు రాసుకునే మిక్సీలో, డ్రిల్లులో, లేదంటే వెల్డింగు దగ్గర ఆ రవ్వలు పుడతాయి. కంపెనీ వాళ్ళు మోటారు అన్నారు సరే, ఏ మోటారో చూడాలి కదా.

పర్లాకిమిడి పాతకారు
మోటారు వేసినప్పుడు లోపల టిక్కుమని చప్పుడు వస్తుంది. అదేమిటో చెప్పండి మరి.

రాయగడ వైండింగ్
స్టార్టింగ్ స్విచ్చు. కొన్ని మోటార్లకు ఉంటుంది. వేగం అందుకోగానే విడిపోతుంది. క్షణం పని.

పర్లాకిమిడి పాతకారు
రవ్వ వస్తుందా రాదా?

రాయగడ వైండింగ్
వస్తుంది. అగ్గిపుల్ల గీస్తే ఇల్లు వేడెక్కుతుందా?

పర్లాకిమిడి పాతకారు
మొదట రాదన్నారు, ఇప్పుడు వస్తుందంటున్నారు. ఇరవై రెండేళ్ళ అనుభవం ఇదేనా? అటక మీద నల్ల ప్లాస్టిక్ సంచుల్లో గాలి పిండేసి, నోళ్ళకు టేపు చుట్టి అయిదేళ్ళు ఉంచాను. ఒక్క నెర్రె లేదు. చేసి చూసినవాడి మాటకు విలువ ఇవ్వండి.

జయపురం జాజి
మీ రవ్వల గోల ఆపితే ఒక మాట. ట్యాంకు పక్కన టైర్లంటే దోమల పెంపకమే. రెండేళ్ళ క్రితం మా పక్క వాటాలో డెంగీ వచ్చింది. ఆశా దీదీ ఇల్లిల్లూ తిరుగుతూ మా మేడ ఎక్కి, టైరులో చెయ్యి పెట్టి గరిటెడు నీళ్ళు తీసి చూపించింది. సన్నని పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నీళ్ళు పారబోస్తే చాలనుకోకండి. గుడ్లు నీటి అంచుకు పైన, లోపలి గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్ళు ఎండినా నెలల తరబడి బతుకుతాయి. మళ్ళీ వాన పడితే వారం పది రోజుల్లో దోమలే. బ్రష్షుతో గట్టిగా తోమాలి.

రాయగడ వైండింగ్
అమ్మా, మీరన్న బ్రష్షు ఒప్పుకుంటాను. మోటారులో బ్రష్షు మాత్రం ఒప్పుకోను. అసలు మెట్ల కింద భయపడవలసింది మోటారు గ్లాండు దగ్గర కారే నీటికి. ఇనుప రిమ్ములు తుప్పు పడతాయి. కింద చెక్క పలకలు వేసి పెట్టుకోమనండి.

సిరొంచ ఒడ్డు
ఇంత దూరం ఎందుకు? 2020లో కేంద్రం నిబంధన మార్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చూపే పరికరం, పంక్చర్ కిట్టు ఉంటే కారులో స్టెప్నీ తప్పనిసరి కాదు. అన్నీ అమ్మేయండి.

బల్లార్షా ఎండ
సిరొంచ నుంచి ఆలపల్లి దారిలో రాత్రి పూట టైరు పక్కన చీలితే మీ కిట్టుతో అతికించి చూపించండి, దండం పెడతాను. కిట్టు మేకు గుచ్చుకున్న చోటికే.

సిరొంచ ఒడ్డు
నేను నిబంధన చెప్పాను. మీ ప్రయాణం గురించి కాదు. అన్నట్టు, స్టెప్నీ అనే మాట వేల్స్ దేశంలోని లానెల్లి ఊళ్ళో ఒక వీధి పేరు. 1904లో అక్కడ విడి చక్రం తయారుచేశారు, వీధి పేరు మన నోళ్ళలో చక్రానికి నిలిచిపోయింది.

పర్లాకిమిడి పాతకారు
వీధి పేర్లు తర్వాత. తయారైన తేదీ ఎవరైనా అడిగారా? టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆరేళ్ళు దాటినదాన్ని నేనైతే ముట్టుకోను. మేడ మీద పెట్టేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోండి. 2018 తిత్లీ తుఫానులో మా ఎదురింటి టైరు ఎగిరి మా పెంకుల మీద పడింది.

జయపురం జాజి
కొన్నప్పుడే పాతవైతే? అటక మీద అయిదేళ్ళు ఉంచారు కదా, వాటి సంగతి?

పర్లాకిమిడి పాతకారు
అవి వేరు.

గుణుపురం గట్టు
అందరికీ నమస్కారం. మీ మాట విని ఇవాళ ఆ అంకెల కోసం గంట వెతికాను. ఒక వైపు అక్షరాలున్నాయి, అంకెలు లేవు. ఫోను లైటు వేసుకుని గచ్చు మీద బోర్లా పడుకుని చూస్తే, కారులో ఉన్నప్పుడు లోపలికి తిరిగి ఉండే వైపు, మట్టి పొర కింద దొరికాయి. తడిగుడ్డతో తుడిస్తే 1421. నాలుగింటికీ అదే. రిమ్ము లేనిదానికి 3514, అంటే అది ఇక తూకానికే. అది కనిపించగానే మా అత్తగారు బంతి మొక్కలకు అడిగారు. కింద చిల్లులు పెట్టి ఇస్తానన్నాను, జాజి గారు కోప్పడకండి.

ప్రస్తుతానికి నాలుగింటినీ మెట్ల కింద చెక్క మీద పేర్చి, నల్ల సంచులు కట్టాను. మోటారుకు అయిదడుగుల దూరం. గాలి ఎంత ఉంచాలో మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

రాయగడ వైండింగ్
అయిదడుగులు చాలు. మిక్సీ అయితే అటక ఎక్కించమనేవాడిని.

పర్లాకిమిడి పాతకారు
కొలత ఎంత? 165/80 ఆర్14 అయితే రెండు నాకు కావాలి, రిమ్ములతో సహా. ఆదివారం గుణుపురం రైలుకు వస్తాను. ధర 2021 టైర్లకు తగ్గట్టు చెప్పండి. రైల్లో ఎక్కించనిస్తారో లేదో ఎవరికైనా తెలుసా?