అప్‌డేట్: వేడెక్కాక ఆగిపోతున్న పెట్రోలు రంపం

పర్లాకిమిడి చుట్టుపక్కల చెట్లు కొట్టే పనిని సొంతంగా చేసుకుంటున్న నేను, చల్లగా ఉన్నప్పుడు ఒక్క లాగుకే అందుకునే నా రంపం చింతమొద్దులోకి దిగి వేడెక్కగానే ఎందుకు ఆగిపోతోందని ఇంతకుముందు అడిగాను. ఇక్కడి మెకానిక్ కార్బురేటర్ మార్చాలన్నాడు; ముందు సైలెన్సర్ విప్పి చూడమని మీలో ఒకరు రాశారు.

విప్పితే, నిప్పురవ్వలు బయటికి రాకుండా అమర్చిన సన్నని జాలీ తారు పూసినట్టు మసితో దాదాపు మూసుకుపోయి ఉంది. దానిని ఇత్తడి బ్రష్‌తో రుద్ది బిగించిన తరువాత పొగకు దారి దొరికి, ఇంజను అదే మొద్దులో పూర్తి వేగంతో నడిచింది. కార్బురేటర్‌ను ముట్టుకోనేలేదు.

మసికి మూలం నూనె పాళ్లలోనే ఉందని నా అభిప్రాయం. నా యంత్రానికి లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ నూనె సరిపోతుంది; ఎక్కువ పోస్తే ఇంజనుకు బలమని నా సహాయకుడి నమ్మకం, ఇప్పుడు కొలగిన్నె నా దగ్గరే ఉంటోంది. పైగా నేటి పెట్రోలులో 20 శాతం దాకా ఉండే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి, ముసురు పట్టి పని ఆగే రోజుల్లో కలిపిన పెట్రోలును డబ్బాలో నిలవ ఉంచడం మానేశాను.

కోత ఒక పక్కకు గుంజడం మాత్రం వేరే జబ్బు: గొలుసుకు ఎడమవైపు పళ్లు పొట్టివయ్యాయి. వాటికి సమంగా కుడివైపు పళ్లను ఆకురాయితో అరగదీస్తున్నాను. గొలుసు తిరిగే పొడవాటి ఇనుప పట్టీని, అంటే బార్‌ను కూడా తిరగేసి బిగించాను.