శ్వాసక్రియ అంటే ఊపిరి పీల్చడమేనా?

పర్లాకిమిడి నాన్న: మా పాప ఒడియా మీడియం, పదో తరగతి. పుస్తకంలో 'శ్వసన' అని ఉంటే ఊపిరి పీల్చడం అని చెప్పేశాను, కాదు నాన్నా అంటోంది. మరేమిటండీ? విత్తనాలూ చేస్తాయట, విత్తనానికి ముక్కెక్కడుంది?

బరంపురం మాస్టారు: పాపే కరెక్టు. ఊపిరి గాలిని లోపలికి తెచ్చి బయటికి పంపుతుంది, అంతే. అసలు పని కణాల్లో. అక్కడ గ్లూకోజు ఆక్సిజన్ సాయంతో విడిపోయి కార్బన్ డయాక్సైడు, నీరు అవుతుంది, వచ్చిన శక్తిలో కొంత ఏటీపీగా, అంటే కణం వాడుకునే శక్తి అణువుగా, నిలవ ఉంటుంది, మిగతాది వేడి. కండరం కదలాలన్నా, వేరు నేలలోని లవణాలు లాక్కోవాలన్నా, కొత్త కణం పుట్టాలన్నా ఆ ఏటీపీయే. మొక్కలు రాత్రే కాదు, పగలూ చేస్తాయి. దీని మీద ఎంత చెప్పినా పిల్లలు తప్పే రాస్తారు!

గుణుపురం రైతు: వేడి అంటే గుర్తొచ్చింది, సరిగ్గా ఆరని వడ్లు కుప్ప పోస్తే లోపల చెయ్యి పెట్టలేం. ఇదేనా?

బరంపురం మాస్టారు: అదేనండి. తడి గింజా, దాని మీది బూజూ రెండూ శ్వాసిస్తాయి. ఆక్సిజన్ లేకున్నా ఈస్ట్ (పిండి పులియబెట్టే సూక్ష్మజీవి) బతుకుతుంది, కానీ ఒక గ్లూకోజు అణువుకి 2 ఏటీపీలే, ఆక్సిజన్ ఉంటే దాదాపు 30.

పర్లాకిమిడి నాన్న: పాప పెసలు నానబోసి గుడ్డలో కట్టింది. ఇప్పుడు వాటి వేడి చూడ్డానికి థర్మామీటరు కావాలట, ఇంట్లో జ్వరం చూసేదొక్కటే ఉంది.