అప్‌డేట్: పాత ఆల్టోకి సెంట్రల్ లాకింగ్ పని చేస్తోంది

పోయిన నెల అడిగింది నేనే. నాన్న 2006 ఆల్టో కారుకి సెంట్రల్ లాకింగ్ కిట్ (డోర్లన్నీ ఒకేసారి లాక్ అయ్యేలా చేసేది) సొంతంగా బిగించాను, మూడు డోర్లు లాక్ అయితే వెనక ఎడమ డోర్ మాత్రం అన్‌లాక్ అవుతోందని రాశాను. మాడ్యూల్ (లాక్ మోటార్లని నడిపే కంట్రోల్ డబ్బా) పోయిందేమో అన్నారు కొందరు. ఒకన్న మాత్రం ఆ డోర్ లాక్ మోటారు వైర్లు అటూ ఇటూ మార్చి చూడమన్నాడు. అన్నా, నువ్వు చెప్పిందే కరెక్ట్! నా కిట్‌లో డ్రైవర్ డోర్ మోటారుకి ఐదు వైర్లు, మిగతా మూడింటికీ రెండేసి, ఆ రెండూ తారుమారైతే మోటారు ఉల్టా పనిచేస్తుంది. మార్చగానే నాలుగూ ఒకేసారి టక్‌మన్నాయి, ఎంత సంతోషమేసిందో!

అసలు కష్టం వేరే. డోర్‌కీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలోంచి వైర్లు లాగడానికే ఒక ఆదివారం మొత్తం పోయింది, కడప ఎండలకి ఆ రబ్బరు బిరుసెక్కిపోయింది, చివరికి సబ్బునీళ్లు రాసి, వైరును సైకిల్ చువ్వకి టేపుతో చుట్టి తోస్తే గానీ దూరలేదు. దయచేసి ఎవరూ గొట్టం బయటనుంచి వైరు వేయొద్దు, డోర్ వేసినప్పుడల్లా నలిగి ఏదో ఒకరోజు షార్ట్ అవుతుంది. పవర్ లైన్‌కి బ్యాటరీ దగ్గరే 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టాను, అది మాత్రం వదలకండి.

నిన్న రాత్రి నాన్న పులివెందుల నుంచి వచ్చి రిమోట్ నొక్కాడు. అలవాటు కొద్దీ నాలుగు డోర్లూ లాగి చూశాడు, ఒక్కటీ తెరుచుకోలేదు.