సెరెనా లేకపోయి ఉంటే వీనస్‌కి 14 గ్రాండ్‌స్లామ్‌లు వచ్చేవా?

గడ్డికోర్టు:
మా టెన్నిస్ గ్రూపులో ఒకాయన "వీనస్ విలియమ్స్ అంటే సెరెనా అక్క, అంతే కదా" అని తేల్చేశాడు. ఒళ్ళు మండింది. సింగిల్స్ గ్రాండ్‌స్లామ్‌లలో (ఏటా జరిగే నాలుగు అతిపెద్ద టోర్నీల్లో) సెరెనా 23 టైటిళ్ళ పక్కన వీనస్ 7 చిన్నగానే కనిపిస్తుంది, కాదనను. కానీ వీనస్ ఆడిన ఫైనల్స్ 16. ఓడినవి తొమ్మిది, అందులో ఏడు చెల్లెలి చేతిలో. మిగతా రెండూ 1997 యూఎస్ ఓపెన్‌లో హింగిస్ మీద, 2017 వింబుల్డన్‌లో ముగురుజా మీద. అంటే మొదటి ఫైనల్‌కీ చివరి ఫైనల్‌కీ మధ్య 20 ఏళ్ళలో బయటివాళ్ళెవరూ ఆమెను గ్రాండ్‌స్లామ్ ఫైనల్లో ఓడించలేదు. సెరెనా రాకెట్ పట్టకపోయి ఉంటే 14 ఖాయం.

డ్యూస్ మళ్ళీ డ్యూస్:
"ఖాయం" దగ్గరే పేచీ. సెరెనా లేకపోతే అవతల కోర్టు ఖాళీగా ఉంటుందా సార్? ఆ ఏడుసార్లూ సెమీస్‌లో సెరెనా చేతిలో ఓడినవాళ్ళు ఫైనల్‌కి వస్తారు. ఎవరెవరో చూద్దాం.

2002 ఫ్రెంచ్ ఓపెన్‌లో కాప్రియాటి, అప్పటికి డిఫెండింగ్ ఛాంపియన్. వీనస్ అక్కడ ఫైనల్ ఆడింది ఆ ఒక్కసారే. నేనైతే కాప్రియాటి వైపే. అదే ఏడాది వింబుల్డన్‌లో మొరెస్మో, గడ్డి మీద వీనస్‌దే. యూఎస్ ఓపెన్‌లో డావెన్‌పోర్ట్, 2000లో అదే కోర్టులో ఫైనల్లో వీనస్ చేతిలో ఓడిన మనిషి, కాబట్టి అదీ వీనస్‌కే ఇద్దాం. 2003 ఆస్ట్రేలియన్‌లో క్లైస్టర్స్. ఆ సెమీస్ చూసినవాళ్ళకు గుర్తుండాలి: మూడో సెట్లో 5-1 మీద ఉండి, రెండు మ్యాచ్ పాయింట్లు (ఇంకొక్క పాయింట్ గెలిస్తే మ్యాచ్ ముగిసే అవకాశాలు) చేజార్చుకుని సెరెనాకు ఓడింది. ఆ ఫామ్‌లో ఉన్న క్లైస్టర్స్ మీద గ్యారంటీ ఎవరిస్తారు? 2003 వింబుల్డన్‌లో హెనిన్. వీనస్ సెమీస్‌లోనే పొట్ట కండరం పట్టేసి, ఫైనల్‌కి నొప్పితోనే దిగింది. హెనిన్ వదిలిపెట్టే రకం కాదు. 2009 వింబుల్డన్‌లో డెమెంటియేవా, 2017 ఆస్ట్రేలియన్‌లో లూచిచ్-బరోని, ఈ రెండూ వీనస్‌వే అనుకుందాం.

మొత్తం నాలుగు. 7కి 4 కలిపితే 11. గొప్ప అంకే, కానీ 14 కాదు.

నెట్‌కార్డ్:
అందుకే నాకు రష్యా ఆటగాళ్ళు సాఫిన్, సఫీనాల కథ ఇష్టం. ఇద్దరూ నంబర్ వన్ అయ్యారు, అన్నాచెల్లెళ్ళు కాబట్టి టోర్నీలో ఒకరికొకరు అడ్డం రాలేదు. బ్రిటన్ అన్నదమ్ములు ముర్రేలదీ అంతే, 2016లో ఆండీ సింగిల్స్‌లో, జేమీ డబుల్స్‌లో నంబర్ వన్. పోల్చే పనే లేదు.

వైజాగ్ వాలీ:
పోల్చే పని లేకపోతే ఈ థ్రెడ్ ఎందుకు అన్నా 😀

గడ్డికోర్టు గారూ, మీ లెక్కలో అసలు తిరకాసు వేరే ఉంది. సెరెనాను తీసేస్తే సింగిల్స్ మాత్రమే మారుతుందా? అక్కాచెల్లెళ్ళు కలిసి 14 గ్రాండ్‌స్లామ్ డబుల్స్ ఫైనల్స్ ఆడారు, 14కి 14 గెలిచారు. 2000, 2008, 2012 ఒలింపిక్స్‌లో డబుల్స్ స్వర్ణాలు మూడు. ఇవన్నీ వీనస్ ఖాతాలోంచి తీసేస్తారా? సింగిల్స్‌లో మహా అయితే ఏడు కలుపుకోవడానికి ఇటు పదిహేడు వదులుకోమంటున్నారు. ఇదేం బేరం?

ఇంకోటి. ఇద్దరూ చిన్నప్పుడు కాంప్టన్‌లో ఒకే కోర్టులో ఒకరి బంతులు ఒకరు కొట్టి పెరిగారు. రోజూ ప్రాక్టీసుకి అలాంటి మనిషి ఇంట్లోనే లేకపోతే వీనస్ అసలు 16 ఫైనల్స్ దాకా వచ్చేదా? వీనస్ లేకపోతే తాను లేనని సెరెనా 2022 యూఎస్ ఓపెన్‌లో కోర్టు మీదే చెప్పింది. దాన్ని తిరగేసి కూడా చదవచ్చు.

టైబ్రేక్ తాత:
కుర్రాళ్ళకు 2001 చివర్లో పరిస్థితి తెలియదు. అప్పటికి సింగిల్స్ గ్రాండ్‌స్లామ్‌లు వీనస్‌కి 4, సెరెనాకి 1. "వీనస్ చెల్లెలు" అనేవాళ్ళం మేము. 2000లో వింబుల్డన్, ఒలింపిక్ స్వర్ణం, యూఎస్ ఓపెన్ కలిపి వరసగా 35 మ్యాచ్‌లు గెలిచింది.

సెరెనా అడ్డు లేనప్పుడు వీనస్ ఎలా ఆడేదో చూడాలంటే 2005 వింబుల్డన్ ఉంది కదా. సెరెనా మూడో రౌండ్‌లోనే ఇంటికెళ్ళింది. వీనస్ 14వ సీడ్, అంటే టోర్నీ పెట్టుకున్న వరసలో 14వ స్థానం. ఫైనల్లో మూడో సెట్ 4-5, సర్వీస్ వీనస్‌ది, డావెన్‌పోర్ట్‌కి మ్యాచ్ పాయింట్. బ్యాక్‌హ్యాండ్ విన్నర్ కొట్టి బయటపడింది, చివరికి 9-7. రెండు గంటల 45 నిమిషాల మ్యాచ్.

వైజాగ్ వాలీ:
తాతగారూ, అడ్డు ఉన్నా గెలిచింది. 2008 మార్చిలో మన బెంగళూరు టోర్నీ సెమీస్‌లో సెరెనా మూడో సెట్ టైబ్రేక్ (6-6 అయ్యాక సెట్‌ను తేల్చే గేమ్)‌లో గట్టెక్కింది. జులై వచ్చేసరికి వింబుల్డన్ ఫైనల్లో అక్క 7-5, 6-4.

డ్యూస్ మళ్ళీ డ్యూస్:
మొత్తం ముఖాముఖి మాత్రం 19-12, సెరెనాదే. అది కూడా రాసుకోండి.

గడ్డికోర్టు:
రాసుకున్నాను. డబుల్స్ మాట వాలీ గారిదే రైటు, ఆ బేరం నాకూ వద్దు. కానీ డ్యూస్ గారూ, మీ సింగిల్స్ పంచాయితీలో క్లైస్టర్స్ దగ్గర మోసం ఉంది. 5-1 నుంచి ఓడిన మనిషిని ఫైనల్లో వీనస్ ముందు నిలబెట్టి సగం మార్కులు వేశారు. అప్పటికి క్లైస్టర్స్ ఒక్క గ్రాండ్‌స్లామ్ కూడా గెలవలేదు, 2005 యూఎస్ ఓపెన్ దాకా ఆగాల్సి వచ్చింది. అది వీనస్‌దే. కాప్రియాటిని, హెనిన్‌ని మీకు వదిలేస్తున్నాను. 12. ఇంతకంటే దిగను.