సుమతి పద్యం: ‘నరకమండ్రు’ అనా, ‘నరకమగును’ అనా?

ప్రశ్న:
‘తన కోపమె తన శత్రువు, తన శాంతమె తనకు రక్ష, దయ చుట్టంబౌ’ అనే సుమతి పద్యంలో ‘తన సంతోషమె స్వర్గము’ తర్వాతి పాదం ‘తన దుఃఖమె నరకమండ్రు’ అనా, ‘నరకమగును’ అనా? రెండూ నోటికి వస్తున్నాయి. ఛందస్సు తేల్చడం లేదు. రెండో సగంలో ఆరో గణం (అక్షరాల గుంపు) ‘కమండ్రు’ అయితే జగణం (లఘువు, గురువు, లఘువు), ‘కమగును’ అయితే నలం (నాలుగు లఘువులు). ఒక మాత్ర కాలం పలికేది లఘువు, రెండు మాత్రలది గురువు. కందానికి రెండూ సమ్మతమే. ‘తథ్యము’ దగ్గర యతీ (పాదం మొదటి అక్షరంతో పొత్తు) చెడదు.

జవాబు:
‘అండ్రు’ అనేదే పాఠం. అసలు జాగ్రత్తపడాల్సింది దాని పై పాదంలోనండీ. ‘స్వ’ ముందుంది కదా అని ‘సంతోషమె’లో ‘మె’ను ఒత్తి చదువుతున్నారు. అప్పుడు ‘తోషమె’ రగణమై (గురువు, లఘువు, గురువు) ఐదు మాత్రలవుతుంది, నాలుగు మాత్రల గణాలతో నడిచే కందం కూలిపోతుంది. అది లఘువే.

మరొకరు:
సంయుక్తాక్షరం ముందరిది గురువే కదా మాస్టారూ?

జవాబు:
తెలుగులో అది ఒకే పదంలోనో, సమాసంలోనో అయితేనే. పోతన వామనుడి చేత బలితో అనిపించిన కందం చూడండి:

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైన బదివే లనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే?

‘వగవక’లో చివరి ‘క’ తర్వాత ‘ప్రా’ ఉన్నా లఘువే. ‘సప్తద్వీప’ సమాసం కనక ‘ప్త’ గురువయింది. ఉదాహరణలు రెండూ ఒక్క పద్యంలోనే! మూడడుగులు చాలన్న వటువు నోట తృప్తి గురించి ఇంతకన్నా గొప్ప మాట మన భాషలో లేదు.

ఇంకొకరు:
పోతన చెప్పింది తృప్తి. సుమతి పద్యంలో సంతోషం అదేనా? పతంజలి యోగసూత్రాల్లో (2.42) ‘సంతోషాదనుత్తమః సుఖలాభః’ అన్నప్పుడు సంతోషం సాధన, సుఖం ఫలం. యోగి పాటించాల్సిన నియమాల్లో శౌచం (శుభ్రత) తర్వాత రెండోది అదే, ఉన్నదానితో చాలనుకోవడం. ఇక్కడా అదే అర్థమని నా వాదన.

జవాబు:
ఒప్పుకోలేను. ఆ అర్థమే అయితే ఎదురుగా ఆశో తృష్ణో ఉండాలి. కవి దుఃఖాన్ని పెట్టాడు. కాబట్టి ఇది మనం రోజూ అనే సంతోషమే. సాధన పైన ‘శాంతమె’ దగ్గరే అయిపోయింది. గీత (2.66) ‘అశాంతస్య కుతః సుఖమ్’ అన్న వరసా ఇదే: ముందు శాంతం, ఆపైన సుఖం.

ఇంకొకరు:
ఆ వరస గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్‌కూ నచ్చుతుంది. బాధంతా తొలగిపోవడమే సుఖానికి మేర అన్నాడాయన. రుచులు పోగేసుకునేవాడని ఆయనకు పడ్డ పేరు పెద్ద అన్యాయం.

ప్రశ్న అడిగినవారు:
గ్రీసు దాకా వెళ్ళారు, నా ‘అండ్రు’ మాటేమిటండీ?

జవాబు:
‘చుట్టంబౌ’లో ‘ఔ’ వచ్చేసింది కాబట్టి మళ్ళీ ‘అగును’ పునరుక్తి.

మరొకరు:
పునరుక్తి కన్నా బలమైన కారణం ఉంది. కోపం, శాంతం, దయ చేసే పని కళ్ళారా చూస్తాం. వాటికి ‘ఔ’ చాలు. స్వర్గనరకాలు ఎవరూ చూడనివి, అందుకే ‘అండ్రు’.

ఇంకొకరు:
మరి ‘అంటారు’ అని పెద్దల మీద పెట్టినవాడు వెంటనే ‘తథ్యము’ అని తానే పూచీ పడతాడా? ఆ ‘తథ్యము’ ఒక్క ‘అండ్రు’కా, ‘కోపమె’ నుంచి అన్నిటికీనా? అన్వయం చెప్పండి.