14,000 డాలర్లు, ఇర్వింగ్, మొదటి కారు: కార్‌మాక్సా, కార్వానానా, మామూలు డీలరా?

అందరికీ నమస్కారం. హెచ్1బీ మీద టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్ వచ్చాను, ఆఫీసు ప్లేనోలో. సెకండ్‌హ్యాండ్ కారు కోసం 14,000 డాలర్లు పక్కన పెట్టాను. క్రెడిట్ హిస్టరీ లేదు. రూమ్మేట్లలో ఒకరు కార్వానా అంటారు, ఒకరు కార్‌మాక్స్ అంటారు, రెండూ పాత కార్లు అమ్మే పెద్ద కంపెనీలే. మూడో ఆయన ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ తప్ప మిగతావన్నీ దండగ అంటాడు. ఏ కంపెనీ మంచిదో తెలిసినవాళ్లు చెప్పగలరు.

ఫ్రిస్కో నుంచి:

తమ్ముడూ, ముందు ఆ 14,000 లెక్క తేల్చుకో. కారు మీద రాసిన ధర వేరు, నీ జేబులోంచి పోయేది వేరు. టెక్సస్‌లో అమ్మకం పన్ను 6.25 శాతం, అంటే 12,000 కారుకి పన్నే 750. కాగితాల పనికి డీలర్ తీసుకునే డాక్ ఫీ చాలాచోట్ల 150 నుంచి 225. టైటిల్‌కి (కారు యాజమాన్య పత్రం) 33, రిజిస్ట్రేషన్‌కి 50.75, దానిమీద కౌంటీ చిల్లర ఫీజులు. అంతా కలిస్తే 13,100 దగ్గరికి వస్తుంది. మిగిలిన 900 ఇన్‌స్పెక్షన్‌కి, టైర్లకి, ఇన్సూరెన్స్ మొదటి వాయిదాకి సరిపోతే గొప్ప. అందుకని సైట్లో ఫిల్టర్ 12,000 దగ్గర పెట్టు.

ఇక కంపెనీలు. కార్‌మాక్స్ 1993లో రిచ్‌మండ్‌లో మొదలైంది. బేరం ఉండదు, రాసిన ధరే ధర. షోరూమ్‌కి వెళ్లి కూర్చుని, నడిపి చూడొచ్చు. 90 రోజులు లేదా 4,000 మైళ్ల వారంటీ ఇస్తారు. వాపసు గడువుని మాత్రం వాళ్లు ఒకటికి రెండుసార్లు మార్చారు కాబట్టి నువ్వు సంతకం పెట్టే కాగితంలో ఎన్ని రోజులు, ఎన్ని మైళ్లు అని ఉందో అదే లెక్క. వేరే ఊరి షోరూమ్ నుంచి కారు తెప్పించుకుంటే ఆ రవాణా ఫీజు మాత్రం వాపసు రాదు. కారు నచ్చక వదిలేసినా రాదు.

కార్వానాలో చూడటం, నడపటం అన్నీ కారు ఇంటికొచ్చాకే. 7 రోజుల్లో వాపసు ఇవ్వొచ్చు, కానీ 400 మైళ్లలోపే. ప్లేనో రాకపోకలతోనే సగానికి పైగా కరిగిపోతాయి, వారాంతంలో హ్యూస్టన్ వెళ్లొస్తే మొత్తం అయిపోతాయి. వారంటీ 100 రోజులు లేదా 4,189 మైళ్లు. వాళ్ల అసలు బలహీనత కాగితాల దగ్గర బయటపడింది: టైటిళ్లు, రిజిస్ట్రేషన్లు ఆలస్యమైనందుకు 2022లో ఇల్లినాయ్ రాష్ట్రం లైసెన్సునే సస్పెండ్ చేసింది, 2023 జనవరిలో రాజీ కుదిరింది. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గర కొన్నా, ఆర్డర్ పెట్టేముందు "ఈ కారు టైటిల్ మీ చేతిలో ఉందా?" అని చాట్‌లో అడిగి, జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

వ్రూమ్, షిఫ్ట్ అని పాత యూట్యూబ్ వీడియోల్లో కనిపిస్తాయి, వాటిని వెతక్కు. షిఫ్ట్ 2023 అక్టోబర్‌లో దివాలా తీసింది, వ్రూమ్ 2024 జనవరిలో కార్ల అమ్మకం ఆపేసింది. ఎంటర్‌ప్రైజ్ వాళ్లు తమ అద్దె కార్లను అమ్ముతారు, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ 12 నెలలు లేదా 12,000 మైళ్ల వారంటీ ఉంటుంది. బాగానే ఉంటాయి గానీ ఎక్కువగా కొత్త మోడళ్లు, నీ ధరకి ఏవో చిన్న కార్లే దొరుకుతాయి.

కరోల్టన్ నుంచి:

పై లెక్కతో పేచీ లేదు. కానీ ప్రశ్నే కొంచెం తిరగబడింది. కంపెనీని ఎంచుకుని అందులో కారు వెతకకండి, మోడల్ ఎంచుకుని అది ఎక్కడ ఉందో వెతకండి. పేరున్న కంపెనీ అమ్మినంత మాత్రాన పాడయ్యే గేర్‌బాక్స్ బాగుపడదు. 90 రోజుల వారంటీ 91వ రోజున అయిపోతుంది.

12,000 ఫిల్టర్ పెడితే పెద్ద సైట్లలో ముందు కనిపించేవి నిస్సాన్ ఆల్టిమా, రోగ్, సెంట్రా. తక్కువ మైళ్లు, మంచి రంగు, నోరూరుతుంది. 2013 నుంచి 2018 మధ్యవాటిలో సీవీటీ (గేర్ల మెట్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్స్ తరచూ పోతుంది, మార్చాలంటే 4,000 డాలర్ల పైమాటే. 2012-2016 ఫోర్డ్ ఫోకస్, ఫియస్టా ఆటోమేటిక్‌లు కూడా వద్దు. వాటి డబుల్ క్లచ్ గేర్‌బాక్స్ వణుకుతుంది, జారుతుంది. 2011-2019 మధ్య వచ్చిన హ్యుందాయ్ సొనాటా, కియా ఆప్టిమాలలో 2.4 లీటర్ ఇంజిన్ ఉంటే, విన్ నంబర్‌తో (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబర్) రీకాల్ పనులన్నీ, అంటే తయారీ లోపాలకి కంపెనీ ఉచితంగా చేసే మరమ్మతులు, అయ్యాయో లేదో తేలేదాకా ముట్టుకోకండి. ఆ కాలం హ్యుందాయ్, కియాల్లో తాళం తిప్పి స్టార్ట్ చేసే చౌక మోడళ్లకి ఇమ్మొబిలైజర్ (అసలు తాళం లేకుండా ఇంజిన్ స్టార్ట్ కానివ్వని పరికరం) ఉండదు, దొంగలకి సులువు. కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు వాటికి పాలసీ ఇవ్వడానికే వెనకాడాయి.

ఇంకో సంగతి. "హ్యుందాయ్‌కి పదేళ్ల వారంటీ ఉంది సార్" అని సేల్స్‌మన్ అంటాడు. ఆ పదేళ్లు, లక్ష మైళ్లు కొత్తగా కొన్న మొదటి ఓనర్‌కే. రెండో ఓనర్‌కి అది 5 ఏళ్లు, 60,000 మైళ్లకి దిగిపోతుంది. హ్యుందాయ్ సొంత డీలర్ దగ్గర సర్టిఫైడ్ కారుగా (కంపెనీ పరీక్షించి హామీ ఇచ్చిన పాత కారు) కొంటేనే ఆ పదేళ్లు తిరిగి వస్తాయి. అందుకే అదే ఎలాంట్రా కార్‌మాక్స్‌లో కొన్నా, హ్యుందాయ్ డీలర్ దగ్గర కొన్నా ఒకటే అనుకోవద్దు.

నా ఓటు: లక్ష మైళ్లు దాటినా సరే, సర్వీసు కాగితాలున్న కరోలా, క్యామ్రీ, సివిక్. టయోటా, హోండా డీలర్లు ఎక్స్ఛేంజ్‌లో వచ్చిన పాత కార్లని సర్టిఫై చేయకుండానే పక్కన పెట్టి అమ్ముతుంటారు, మీ బడ్జెట్‌కి కుదిరేవి అక్కడే ఎక్కువ. ఆ లాట్లలో బేరం ఉంటుంది, దానితోపాటు తలనొప్పీ ఉంటుంది. టైర్లలో నైట్రోజన్, అద్దాలకి టింట్, పెయింట్ ప్రొటెక్షన్ అంటూ "ప్యాకేజీ" 1,000 నుంచి 2,500 దాకా అంటగడతారు. అవుట్-ది-డోర్ ధర (పన్ను, ఫీజులు అన్నీ కలిపిన మొత్తం) వరసవారీగా ఈమెయిల్‌లో పంపమనండి. ప్యాకేజీ తియ్యలేం అంటే లేచి వచ్చేయండి, చాలాసార్లు పార్కింగ్ లాట్ దాటకముందే ఫోన్ వస్తుంది.

ఎడిసన్ నుంచి:

టెక్సస్ ఫీజులు నాకు తెలియవు, కారు పరీక్ష సంగతి చెప్తాను. వాపసు గడువుని హనీమూన్‌లా గడిపేస్తారు మనవాళ్లు. అది పరీక్ష సమయం. కారు చేతికొచ్చిన మర్నాడే బయటి మెకానిక్ దగ్గర ప్రీ-పర్చేజ్ ఇన్‌స్పెక్షన్ (కొనేముందు చేయించే పూర్తి పరీక్ష) చేయించాలి, 150 నుంచి 250 అవుతుంది. కారు అమ్మిన చోటుకీ ఆ మెకానిక్‌కీ సంబంధం ఉండకూడదు. మామూలు డీలర్ అయితే డబ్బు కట్టకముందే చేయించండి, ఎందుకంటే అక్కడ వాపసు ఉండదు. మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయొచ్చు అని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది, డీలర్ దగ్గర కొన్న కారుకి అలాంటి ఫెడరల్ చట్టం లేదు. డీలర్ కారు అద్దానికి అతికించే బయ్యర్స్ గైడ్ అనే కాగితం మీద "యాజ్ ఈజ్" (వారంటీ లేదు, ఉన్నదున్నట్టే) దగ్గర టిక్కు ఉంటే, గేటు దాటాక వచ్చే ఖర్చంతా మీదే.

మెకానిక్ కంటే ముందు మీరే చేయగలిగినవి: కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే 25 డాలర్ల ఓబీడీ స్కానర్ పెట్టి రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనంతట తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో, చూడండి. ఎక్కువ "నాట్ రెడీ" అని వస్తే ఎవరో ఈమధ్యే కోడ్‌లు చెరిపేశారని అనుమానించాలి. చెక్ ఇంజిన్ లైటు వెలగట్లేదంటే జబ్బు లేదని కాదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయండి, మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే ఎందుకని అడగండి. టైరు పక్కన ఉండే డాట్ కోడ్ (తయారీ కోడ్) చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్లూ పాతవైతే 500-700 ఖర్చు తగిలినట్టే, బేరంలో ఆ మేరకు ధర తగ్గించమనండి. సీటు బెల్టు మొత్తం బయటికి లాగి మట్టి గీతలున్నాయేమో, స్టెప్నీ గుంటలో తుప్పుందేమో చూడండి. వరదలో మునిగిన కార్లు రాష్ట్రాలు దాటి, టైటిల్ మీద వరద ముద్ర లేకుండా కడుక్కుని వస్తుంటాయి. 2017 హార్వీ తుఫానులో మీ టెక్సస్‌లోనే లెక్కలేనన్ని మునిగాయి.

కార్‌ఫ్యాక్స్ (కారు చరిత్ర రిపోర్టు) శుభ్రంగా ఉందని మురిసిపోవద్దు. పోలీసు రిపోర్టు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ లేకుండా బయట బాగుచేయించిన యాక్సిడెంట్ అందులో కనపడదు. ఇన్సూరెన్స్ నేరాలు చూసే సంస్థ ఎన్ఐసీబీ వారి విన్‌చెక్ ఉచితం, దొంగ కారో సాల్వేజో (బాగా పాడైందని ఇన్సూరెన్స్ కంపెనీ వదిలేసినది) తెలుస్తుంది. ప్రభుత్వ రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్లో రీకాల్‌లు చూడటమూ ఉచితమే.

ఇర్వింగ్ నుంచి:

అందరికీ థాంక్స్. రెండు సందేహాలు. మొత్తం క్యాష్ పెట్టాలా, క్రెడిట్ కోసం కొంచెం లోన్ తీసుకోవాలా? మార్కెట్‌ప్లేస్ పూర్తిగా వదిలేయాలా?

ఫ్రిస్కో నుంచి:

లోన్ తీసుకుంటే ముందు క్రెడిట్ యూనియన్ (సభ్యుల సహకార బ్యాంకు) దగ్గర ప్రీ-అప్రూవల్ తెచ్చుకో. వీసా గడువు దాటి లోన్ కాలం ఇవ్వని వాళ్లున్నారు, అది ముందే అడుగు. డీలర్ చెప్పే వడ్డీలో అతని వాటా కలిసి ఉండొచ్చు. కార్‌మాక్స్‌లో లోన్ తీసుకుంటే మూడు పనిదినాల్లో వేరే బ్యాంకు లోన్‌తో మార్చుకునే వీలుంది. రెండు వారాల్లోపు ఎన్ని చోట్ల కారు లోన్ అడిగినా క్రెడిట్ స్కోర్‌కి ఒక్క విచారణగానే లెక్క. "క్రెడిట్ లేకపోయినా పర్లేదు, ఇక్కడే కట్టుకో" అని బోర్డు పెట్టిన లాట్‌లవైపు వెళ్లకు. వడ్డీ మండిపోతుంది, కొందరు వాయిదా తప్పితే దూరం నుంచే ఇంజిన్ ఆపేసే పరికరం పెడతారు.

కరోల్టన్ నుంచి:

మార్కెట్‌ప్లేస్ వదలక్కర్లేదు, టైటిల్ చూడకుండా డబ్బివ్వకండి. టైటిల్ మీద ఉన్న పేరు, అమ్మేవాడి ఐడీ మీద పేరు ఒకటే కావాలి. "మా ఫ్రెండ్ కారు", "ఇంకా నా పేరు మీదికి మార్చలేదు" అంటే లైసెన్సు లేని దొంగ డీలర్ అనుకోండి. టైటిల్ మీద బ్యాంకు లీన్ (తీరని లోన్ కింద బ్యాంకుకి ఉన్న హక్కు) ఉంటే ఆ బ్యాంకు శాఖలోనే లావాదేవీ జరగాలి. అన్నీ సరిపోతే ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్లి, 130-యూ ఫారంతో (టైటిల్ దరఖాస్తు) అక్కడే బదిలీ చేయించుకోండి, గడువు 30 రోజులు. పన్ను తగ్గించుకుందామని బిల్లులో 5,000 అని రాయించినా లాభం లేదు. ప్రైవేటు అమ్మకంలో మీరిచ్చిన ధర, రాష్ట్రం వేసిన విలువలో 80 శాతం, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానిమీదే పన్ను.

డాలస్ కౌంటీలో రిజిస్ట్రేషన్‌కి ఎమిషన్స్ (పొగ కాలుష్యం) పరీక్ష ఇంకా ఉంది, సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి నుంచి ఎత్తేశారు. ఎడిసన్ వారు చెప్పిన "నాట్ రెడీ" కారు ఆ ఎమిషన్స్ దగ్గరే ఆగిపోతుంది. ఇంకా ఒకటి: విన్ నంబర్ చేతికి రాగానే ఇన్సూరెన్స్ కోట్ తీసుకోండి, ధర ఖాయం చేసుకునేది ఆ తర్వాతే. అమెరికాలో డ్రైవింగ్ చరిత్ర లేనివాళ్లకి ఇన్సూరెన్స్ కంపెనీల మధ్య తేడా నెలకి వంద డాలర్లు కూడా దాటుతుంది. ఇండియా లైసెన్సుతో టెక్సస్‌లో 90 రోజులే నడపగలరు, కాబట్టి లైసెన్సులిచ్చే డీపీఎస్ ఆఫీసు అపాయింట్‌మెంట్ ఇవాళే బుక్ చేసేయండి. స్లాట్లు వారాల తరబడి దొరకవు.