ఇంగ్లీషు పీరియడ్‌లో గ్రామర్‌కు ఎంత సమయం ఇవ్వాలి?

కావలి మాస్టారు:
మా చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు బడి దాటితే ఇంగ్లీషు చెవిన పడదు. ఉన్నదల్లా రోజుకో పీరియడ్. అందులో సగం టెన్సులు, వాయిస్‌లు, ఆర్టికల్స్ తెలుగులో వివరించి బిట్లు చేయించడానికే పోతోంది. ఆరు నుంచి ఎనిమిది వరకు ఆ సమయమంతా వినడానికీ చదవడానికీ ఇవ్వాలి, గ్రామర్‌కు విడి పాఠం అక్కర్లేదు అని నా అభిప్రాయం. భాష ఎలా వస్తుందో పరిశోధించిన స్టీఫెన్ క్రాషెన్ 1980ల్లో చెప్పింది ఇదే. అర్థమవుతూనే పిల్లల స్థాయికి ఒక మెట్టు పైనున్న భాష దండిగా అందితే భాష వంటబడుతుంది. సూత్రాలు తెలియడం వేరు, భాష రావడం వేరు. మీరేమంటారు?

ఒంగోలు డీఎస్సీ మిత్ర:
మాస్టారూ, క్రాషెన్ గురించి బీఈడీలో అందరం చదివాం. కానీ కెనడా అనుభవం వేరే చెబుతోంది. మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో 1965లో ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు పాఠాలు ఫ్రెంచిలో చెప్పడం మొదలుపెట్టారు. అలాంటి బళ్లలో ఏళ్ల తరబడి చదివిన పిల్లలకు ఫ్రెంచి చక్కగా అర్థమవుతుంది. మాట్లాడినా రాసినా మాత్రం గ్రామర్ తప్పులు పోలేదు. అందుకే ఆ బళ్లను పరిశీలించిన మెరిల్ స్వెయిన్ 1985లో వినడం ఒక్కటే చాలదు, మాట్లాడించాలి, రాయించాలి అన్నారు. తనకు ఏది రాదో పిల్లవాడికి అప్పుడే తెలుస్తుంది. పైగా నోరిస్, ఒర్టేగా అనే పరిశోధకులు 2000లో భాషా బోధన మీద వచ్చిన 49 అధ్యయనాల ఫలితాలు కలిపి చూస్తే సూత్రం విడమరిచి చెప్పిన బోధనే ముందుంది. బడిలో ఏళ్లపాటు ఫ్రెంచి విన్నవాళ్లకే రాని గ్రామర్, ముప్పావు గంటతో మన పిల్లలకు దానంతటదే ఎలా వస్తుంది?

చీమకుర్తి వాసి:
మా గ్రానైట్ క్వారీల్లో పనికి ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లను చూడండన్నా. ఎవరూ వాళ్లకు విభక్తులు నేర్పలేదు. కొన్నాళ్లకే కూలి బేరం, కొట్లో ఖాతా, కండక్టరుతో వాదన అన్నీ తెలుగులోనే. అవసరం పడితే భాష అదే వస్తుంది.

కందుకూరు లెక్చరర్:
తమ్ముడూ, వస్తుంది, కానీ ఎక్కడిదాకా? ఏళ్లు గడిచినా ‘ఆమె వచ్చాడు’ దగ్గరే ఆగిపోయినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. పని నడిచిపోతుంది కాబట్టి అంతకుమించి కదలరు. రిచర్డ్ ష్మిట్ అనే భాషా పరిశోధకుడు 1983లో వెస్ అనే జపాన్ చిత్రకారుడి గురించి రాశారు. హవాయిలో స్థిరపడ్డ అతనికి ఇంగ్లీషులో కబుర్లకు లోటు లేదు, మూడేళ్లు గమనించినా గ్రామర్ మాత్రం పెద్దగా మెరుగుపడలేదు. తర్వాత ష్మిట్ తానే బ్రెజిల్‌లో పోర్చుగీసు నేర్చుకుంటూ డైరీ రాసుకున్నారు. క్లాసులో చెప్పిన రూపాలు ఆ తర్వాతే బయటి మాటల్లో పట్టుబడేవి, అలా పట్టుబడ్డవే నోటికి వచ్చేవి. గ్రామర్ పాఠం చెవిని అటు తిప్పుతుంది. పూర్తిగా తీసేద్దామంటే నేను ఒప్పుకోను మాస్టారూ.

కావలి మాస్టారు:
మేడమ్, మీరు చెప్పిన ష్మిట్ మాట బలమైనది, దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ 49 అధ్యయనాలు. వాటిలో ఎక్కువ పరీక్షలు ఖాళీలు పూరించే, సరైన జవాబు ఎంచుకునే తరహావే అని నోరిస్, ఒర్టేగా స్వయంగా హెచ్చరించారు. ధారాళంగా మాట్లాడేటప్పుడు ఏం వస్తుందో కొలిచినవి తక్కువ. బిట్లు నేర్పి బిట్లతోనే పరీక్షిస్తే మార్కులు రాకుండా ఎలా ఉంటాయి?

కెనడా పిల్లలకు లోటు చివరి మెరుగులో. మన పిల్లలకు పునాదే లేదు. తొమ్మిదో తరగతిలో ప్యాసివ్ వాయిస్ తప్పు లేకుండా మార్చే పిల్లలు పక్క పేజీలో పేరా చదివి ఏముందో చెప్పలేకపోతున్నారు. రోజూ చూస్తున్నాను, బాధగా ఉంటుంది.

మనకు దగ్గర్లోనే జరిగింది ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు ప్రాజెక్టు. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు, కడలూరు వంటి చోట్ల గ్రామర్ సిలబస్ లేకుండా ఇంగ్లీషు నేర్పారు. రైలు టైంటేబులో, మ్యాపో ఇచ్చి ఒక సమస్య తేల్చమంటారు. ముందు టీచరు క్లాసుతో కలిసి ఒకటి చేస్తారు, తర్వాత అలాంటిదే పిల్లలు సొంతంగా చేస్తారు. ధ్యాసంతా జవాబు మీదే. బెరెట్టా, డేవిస్ 1985లో పరీక్షించి చూస్తే, వాక్య నిర్మాణాల పరీక్షలో మామూలు క్లాసులు, పనుల పరీక్షలో ప్రాజెక్టు క్లాసులు ముందున్నాయి. ఏ పద్ధతి వైపూ మొగ్గని పరీక్షల్లో చాలావరకు ప్రాజెక్టు పిల్లలే మెరుగు.

ఫిజీ పల్లె బళ్లలో కూడా ఇంట్లో ఇంగ్లీషు లేని పిల్లలే. ఎల్లీ, మంగూభాయ్ అక్కడ తరగతికి 250 కథల పుస్తకాలిచ్చి చదివించారు. ఎనిమిది నెలల్లో చదవడం, వినడం మామూలుకు రెట్టింపు వేగంతో పెరిగాయి. రెండో ఏడాది ఆ మేలు రాతలోనూ కనిపించింది.

ఒంగోలు డీఎస్సీ మిత్ర:
ప్రాజెక్టు టీచర్లు మామూలు బడి టీచర్ల కన్నా శిక్షణా ఉత్సాహమూ ఉన్నవాళ్లని అప్పుడే విమర్శ వచ్చింది కదా మాస్టారూ. మరి ఆ 250 పుస్తకాలు మనకు ఎవరిస్తారు?

పొదిలి అమ్మ:
మా పాపకు గ్రామర్‌లో మార్కులు బాగానే వస్తాయండీ. స్కాలర్‌షిప్ ఫారం తెస్తే ఏ కాగితాలు జత చేయాలో చదివి చెప్పలేకపోయింది. సైన్సు కూడా ఇంగ్లీషులోనే కదా, నాకు అదే టెన్షన్. తెలుగులో చెబితే ఇంగ్లీషు చెడిపోతుందా?

కందుకూరు లెక్చరర్:
చెడిపోదమ్మా. చుట్టూ ఇంగ్లీషు ఉన్న కెనడాలోనే వలస పిల్లలకు మాటల భాష రెండేళ్లలో వస్తే, పాఠాల భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని పరిశోధకుడు జిమ్ కమిన్స్ తేల్చారు. తెలుగులో అర్థమైన విషయం ఇంగ్లీషులో చదివేటప్పుడు ఆసరా అవుతుంది.

కావలి మాస్టారు:
పుస్తకాల ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. 2020 తర్వాత సర్కారు పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు వచ్చింది. సైన్సు పాఠం తెలుగులో అర్థమయ్యాక ఎదురు పేజీ చదివిస్తే, క్రాషెన్ అడిగిన అర్థమయ్యే ఇంగ్లీషు మన చేతిలోనే ఉన్నట్టు. కావలి స్టేషన్ టైంటేబుల్‌తో ప్రభు తరహా పని కూడా చేయించవచ్చు.

మేడమ్ మాటకు జవాబు. పిల్లలు రాసినదాంట్లో ఎక్కువమంది తడబడ్డ ఒక్క రూపం తీసుకుని పది నిమిషాలు చెబుదాం. నాకు అభ్యంతరం సిలబస్ వరసలో రూల్స్ చెప్పుకుంటూ పోవడం మీదే. ‘షి గోస్’లోని ఆ ‘ఎస్’ ఆరులో చెబుతాం, పదిలోనూ జారిపోతుంది. పిల్లవాడు ఇంకా చేరని మెట్టును నేర్పినా నిలవదని భాషా పరిశోధకుడు పీనెమన్ 1984లో చూపించింది అదే.

ఒంగోలు డీఎస్సీ మిత్ర:
ఎనిమిది దాకా సరేనంటాను. తొమ్మిది, పదిలో మాత్రం వారానికి రెండు పీరియడ్లు గ్రామర్‌కు ఉండాల్సిందే, పబ్లిక్ పరీక్ష ఉంది. ఇంకో మాట మాస్టారూ. ఆ పది నిమిషాల్లో ఏ రూపం ఎత్తుకోవాలో పిల్లల రాత చూసి తేల్చాలంటే టీచరుకు గ్రామర్ బాగా రావాలి. డీఎస్సీకి తయారయ్యేవాళ్లకు పద్ధతుల పేర్లు, సంవత్సరాలు బట్టీ పట్టించడం తగ్గించి, పిల్లల నోట్‌బుక్కులు తెప్పించి వాటి మీదే సాధన చేయిస్తే బాగుంటుంది.